ఉలవలు, నల్లమట్టి

నాక్స్‌విల్ రేసులకి తెల్లబట్టలు వేసుకెళ్ళకూడదని మొదటి శనివారమే తెలిసింది. కార్లు మలుపు తిరిగినప్పుడల్లా చక్రాల కింద నుంచి మట్టిపెళ్ళలు లేచి కంచె దాటి మా మీద పడ్డాయి. నాచోస్‌లో, జుట్టులో, పళ్ళ మధ్య. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఒళ్ళో పడ్డ పెళ్ళనొకదాన్ని ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టుకుంది.

మేముండేది అయోవాలో, డి మోయిన్‌లో. శనివారం సాయంత్రమంటే ఎవరో ఒక తెలుగువాళ్ళింట్లో పుట్టినరోజు, బిర్యానీ ట్రేలు. మమ్మల్ని అక్కణ్ణుంచి రేసులకి లాక్కెళ్ళింది పక్కింటివాళ్ళు. వాళ్ళబ్బాయి స్ప్రింట్ కారు నడుపుతాడు. నాక్స్‌విల్ కారులో గంటలోపు దూరం. 8 వేల జనాభా కూడా లేని ఊరు, అందులో అర మైలు మట్టి ట్రాక్. వేసవంతా శనివారం రాత్రి రేసులుంటాయి. ఆగస్టులో నేషనల్స్ 1961లో మొదలయ్యాయి. ఆ నాలుగు రోజులూ ఊరి జనం కంటే బయటి జనమే ఎక్కువ.

స్ప్రింట్ కారు చూడ్డానికి తమాషాగా ఉంటుంది. నెత్తిన మంచమంత రెక్క. కుడి వెనక చక్రం ఎడమదానికంటే పెద్దది, ఎప్పుడూ ఎడమవైపే తిరగాలి కాబట్టి. మలుపులో ముందు చక్రాల్ని కుడికి తిప్పి పట్టుకుంటే బండి అడ్డంగా జారుతూ ఎడమకి పోతుంది. పెద్ద తరగతి కార్లకి 410 క్యూబిక్ అంగుళాల ఇంజన్, 900 హార్స్‌పవర్ దాకా బలం. డ్రైవరుతో కలిపినా బరువు 1,400 పౌండ్లే. తాగేది మెథనాల్. సెల్ఫ్ స్టార్టర్ ఉండదు, వెనకనుంచి ట్రక్కు తోస్తేనే కదులుతుంది. "మా నాన్న స్కూటరు లాగా" అన్నాడు మా ఆయన.

రేసుకి ముందు ట్రాక్ మీద నీళ్ళు కొట్టి, ఆ కార్లనే నెమ్మదిగా తిప్పి మట్టిని తొక్కిస్తారు. అది చూస్తుంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది. గుంటూరు జిల్లాలో మాది ఎడ్ల పందాల ఇల్లు. నాన్న బండలాగుడు పోటీలకి ఒంగోలు జత పెంచేవాడు. పాలపళ్ళ విభాగం నుంచి సీనియర్స్ దాకా ఎన్ని అడుగులు లాగాయో ఆయనకి నోటికొచ్చేది. తెల్లారుజామున నాలుగింటికి లేచి డేగిసాడు ఉలవలు ఉడకేసేది మాత్రం అమ్మ. ఇక్కడ రెస్టారెంట్లో ఉలవచారు గొప్పగా వడ్డిస్తే నాకు నవ్వొస్తుంది. మా ఇంట్లో అది ఎడ్ల దాణా వార్చిన నీళ్ళు. ఒక జత కోసం అమ్మ గాజులు బ్యాంకుకి వెళ్ళాయి, తిరిగి రాలేదు. ఆవిడ ఒక్క పోటీ కూడా చూడలేదు. ఆడవాళ్ళు వెళ్ళేవాళ్ళు కాదు, అంతే.

ఆదివారం ఉదయాలు పక్కింటావిడ వాకిట్లో ప్రెషర్ వాషర్ పట్టుకుని రెక్కకి అంటిన మట్టి కడుగుతుంటుంది. ఎండితే సిమెంటే అది. ముందు గరిటెలాంటిదానితో గీకాలి, తర్వాత నీళ్ళు. ఆవిణ్ణి చూసినప్పుడల్లా నా ముక్కుకి ఉలవల వాసన తగిలేది.

రెండో ఏడు జూలైలో వాళ్ళబ్బాయి బండి మూడో మలుపులో ఇంకో చక్రాన్ని తాకి గాల్లోకి లేచింది. ఎన్ని పల్టీలో నేను లెక్కపెట్టలేదు. ఎర్రజెండా ఊపారు. ఎర్రజెండా అంటే అన్ని కార్లూ ఆగిపోవాలి. అంత చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే చెవులు గుయ్యిమంటాయి. ఆవిడ తన మంచినీళ్ళ సీసా నా చేతికిచ్చింది. మూత పెట్టడం మర్చిపోయింది. నిమిషమో రెండు నిమిషాలో. అబ్బాయి పంజరంలోంచి పాక్కుంటూ బయటికొచ్చి చెయ్యూపాడు, జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ కూర్చుని నా చేతిలోంచి సీసా తీసుకుని, "ముందు ఇరుసు పోయింది. రెక్క కూడా" అంది.

"నీకు ఇదంటే కోపం రాదా?" అని మర్నాడు అడిగాను. "ప్రతి శనివారం వస్తుంది" అంది.

మా అమ్మాయి మాత్రం ఆ రాత్రి కారులోనే మొదలెట్టింది, తనకి గో కార్ట్ కావాలని. ఇక్కడ ఐదేళ్ళ పిల్లలు కూడా మట్టిలో కార్టులు నడుపుతారు. మా ఆయన మెత్తబడ్డాడు. నేను ససేమిరా అన్నాను. భయం ఒక కారణం. రెండోది ఎవరికీ చెప్పలేదు: ఇంట్లో ఒకరికి పందెం పిచ్చి పడితే మిగతావాళ్ళు దాని చుట్టూ బతకాలి. అదెలా ఉంటుందో నాకు తెలుసు.

మరుసటి వేసవిలో అమ్మ వచ్చింది. నాన్న పోయి అప్పటికి మూడేళ్ళు. నాక్స్‌విల్ తీసుకెళ్ళాం, నా వైపు ఒక ఓటు పడుతుందన్న ఆశతో. మనవరాలు ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టింది. అమ్మ చీరకొంగు తలమీంచి కప్పుకుని మూడు గంటలు కదలకుండా కూర్చుంది. మధ్యలో ఒకసారి ఒళ్ళో పడ్డ పెళ్ళని వేళ్ళతో నలిపి చూసింది. "రేగడే" అంది. చివరి రేసులో ఒకడు పై అంచున గోడ పక్కన పేరుకున్న వదులుమట్టి మీంచి ఇద్దర్ని దాటాడు. అమ్మ లేచి నిలబడింది. నేనెప్పుడూ చూడని మొహం అది. అరవలేదు, చేతులు మాత్రం పిడికిళ్ళు.

దారిలో అడిగాను, "నాన్న పోటీలు చూడాలని ఎప్పుడూ అనిపించలేదా?"

"ఎందుకనిపించదే? ఆ కొమ్ములకి నూనె రాసింది నేను." కాసేపాగి, "మైకులో మన జత నంబరు చదవటం ఇంటి దాకా వినపడేది. పొయ్యి కాడ కూచుని వినేదాన్ని" అంది.

ఇల్లు చేరాక కార్ట్ సంగతి చెప్పాను.

"ఎంతవుద్ది?"

చెప్పాను. రూపాయల్లోకి మార్చి మరీ.

"అంతా? సర్లే, నడపనీ. మట్టి కడిగే పని మాత్రం నువ్వు పెట్టుకోమాక. ఇప్పుడే చెప్పు అల్లుడికి."

చెప్పాను. ఫారం ఇంకా నింపలేదు, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. మా ఆయన ఈమధ్య ప్రెషర్ వాషర్ల రేట్లు చూస్తున్నాడు.