ఏడు చేపలు, ఒక డాబా

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలు రోజుకు 9–12 గంటలు నిద్రపోవాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. బానే ఉంది. మే నెలలో మా పర్చూరు వైపు రాత్రి పదైనా గోడలు సెగలు కక్కుతుంటే ఎక్కడ పడుకుంటారు? ఒళ్లు చల్లబడితేగా కునుకు పట్టేది!

సెలవుల్లో మా అత్తయ్యది ఒకటే వరస. పొద్దుగూకగానే డాబా మీద నీళ్లు కొట్టించడం, పిల్లలకు స్నానం, పెరుగన్నం, బొంతలు. ఫోన్లు కిందే. ఆ తర్వాత ఏడు చేపల కథ. గడ్డిమోపు దగ్గరికొచ్చేసరికి చిన్నోడు అవుట్. పెద్దది ఆవు దాకా లాగుతుంది. చీమను చూసినవాళ్లు లేరు.

కొత్త కథ చెప్పమంటే ఒప్పుకోదు, "కొత్తదైతే నిద్రెట్లా వస్తదే?" అంటుంది.

గాలి కల్లాల వైపు నుంచి తిరిగితే మాత్రం మిరప ఘాటుకు అందరికీ తుమ్ములే. మళ్లీ మొదటి చేప నుంచి.