పంపు మారిస్తే వచ్చే వడ్డీ

జర్మనీలో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందంటే ముందు వంటింటి వైపు చూస్తారు. ఇండక్షన్ పొయ్యి, ఓవెన్, డిష్‌వాషర్, ఆ తర్వాత పిల్లల కంప్యూటర్. సెల్లార్‌లో బాయిలర్ పక్కన పైపుకు బిగించి ఉండే చిన్న పంపును ఎవరూ అనుమానించరు. దాని వాట్లు తక్కువ, చప్పుడు తక్కువ, స్విచ్చు వేసే పనీ మనకుండదు. అయితే మీటరు వాట్లతో పాటు గంటలూ లెక్కపెడుతుంది. రెండు వేల వాట్ల కెటిల్‌ను రోజుకు పది నిమిషాల చొప్పున ఏడాదంతా వాడినా 120 యూనిట్లు దాటి పెద్దగా కాలదు. 80 వాట్ల పాత హీటింగ్ పంపు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా రాత్రీ పగలూ తిరిగితే 5,000 గంటలు, అంటే 400 యూనిట్లు. యూనిట్ 35 సెంట్లు అనుకుంటే 140 యూరోలు. కొత్త రకం పంపు అదే పనిని సగటున 10 వాట్లతో చేసిపెడుతుంది. ఖర్చు 50 యూనిట్లు, పదిహేడున్నర యూరోలు.

ఇంత తేడా ఎలా సాధ్యమని సందేహం రావడం సహజం. పంపు అనగానే మనకు గుర్తొచ్చేది అపార్ట్‌మెంట్ మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు. హీటింగ్ పంపు పని అది కానే కాదు. బాయిలర్‌లో వేడెక్కిన నీరు రేడియేటర్ల గుండా తిరిగి మళ్లీ బాయిలర్‌కే వచ్చే మూసిన వలయం అది. పైకెక్కే నీటి బరువుకు కిందికి దిగే నీటి బరువు సరిపోతుంది. పంపు గెలవాల్సింది పైపుల్లో, వాల్వుల్లో ఎదురయ్యే ఒరిపిడిని మాత్రమే. దానికి తోడు ఇంకో సూత్రం ఉంది: పంపు వేగం సగానికి తగ్గితే నీటి ప్రవాహం సగమే తగ్గుతుంది, కావలసిన శక్తి మాత్రం ఇంచుమించు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పాత పంపు ఈ సూత్రాన్ని వాడుకోలేదు. దాని మీద 1, 2, 3 అంకెలున్న ఒక గుండీ ఉంటుంది. బిగించిన మెకానిక్ ఎందుకైనా మంచిదని 3 మీద పెట్టి వెళ్లిపోతాడు, ఇరవయ్యేళ్లూ అది అక్కడే ఉంటుంది. గదులు వెచ్చబడి రేడియేటర్ వాల్వులు మూసుకుంటున్నా పంపుకు తెలియదు, అదే జోరుతో నెడుతూ వాల్వుల్లో ఈల పుట్టిస్తుంది. కొత్త పంపులో శాశ్వత అయస్కాంతాల రోటరు, ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉంటాయి. మన దగ్గర బీఎల్‌డీసీ ఫ్యాన్లలో ఉన్నదీ ఈ జాతి మోటారే. వాల్వులు మూసుకుంటే అది గమనించి తగ్గుతుంది. కొన్ని మోడళ్ల ముఖం మీద చిన్న డిస్‌ప్లేలో అప్పటికప్పుడు వాడే వాట్లు కనిపిస్తాయి, 7 అనో 9 అనో. యూరోపియన్ యూనియన్ 2013లో సామర్థ్య నిబంధనను అమల్లోకి తెచ్చి, 2015లో దాన్ని ఇంకా బిగించాక, పాత రకం పంపులకు కొత్తగా మార్కెట్లోకి వచ్చే దారి మూసుకుపోయింది. సెల్లార్లలో అప్పటికే తిరుగుతున్నవాటిని మాత్రం ఏ నిబంధనా పీకించలేదు.

ఇక డబ్బు సంగతి. పంపు, బిగింపు కూలి కలిపి 400 యూరోలు అనుకుందాం. ఏటా మిగిలేది సుమారు 122. మూడేళ్ల మూడు నెలల్లో పెట్టుబడి వెనక్కొస్తుంది. దీన్ని ముప్పై శాతం వడ్డీ అని చెప్పి అమ్మేవాళ్లుంటారు, అది సరైన లెక్క కాదు. బ్యాంకులో వేసిన 400 గడువు తీరాక చేతికొస్తుంది, పంపులో పెట్టింది రాదు. అసలు మొత్తం పోయినట్టే లెక్కేసి, పంపు ఏడేళ్లకే మూలపడిందనుకున్నా రాబడి ఏటా ఇరవై శాతం పైనే తేలుతుంది. ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్టూ దీని దరిదాపుల్లోకి రాదు. పైగా జర్మనీలో ఏడాదికి ఒంటరి వ్యక్తికి 1,000, దంపతులకు 2,000 యూరోలు దాటిన వడ్డీ మీద 25 శాతం పన్ను, ఆపై సర్‌చార్జి ఉన్నాయి. తగ్గిన ఖర్చు మీద పన్ను లేదు. కూలి భాగంలో 20 శాతం ఆదాయపు పన్నులోంచి తగ్గించుకోవచ్చు కూడా, బిల్లు తీసుకుని బ్యాంకు ద్వారా చెల్లిస్తేనే. నోట్లు చేతిలో పెట్టి బేరమాడితే ఆ వెసులుబాటు పోతుంది.

పాత పంపు తిన్న కరెంటు ఎక్కడికీ పోదు, వేడిగా మారి ఇంట్లోనే ఉంటుంది కదా అని ఒక వాదన ఉంది. సగం నిజమే. కానీ కరెంటు యూనిట్ ధరలో మూడో వంతుకే గ్యాస్ వేడి దొరుకుతున్నప్పుడు, ఆ పనిని కరెంటుకు అప్పజెప్పడం దండగ. అందులోనూ ఆ వేడిలో కొంత సెల్లార్ గోడలకే పోతుంది. పాత పంపు మొండిది, కొత్తదాని ఎలక్ట్రానిక్స్ సుకుమారం అనే మాటను మాత్రం నేను తేలిగ్గా తీసిపారేయను. పాత ఇనుప పైపుల్లోంచి వచ్చే నల్లటి తుప్పు పొడి అయస్కాంతాల రోటరుకు అతుక్కుంటుంది. నీరు మురికిగా ఉంటే ముందు పైపులు కడిగించాలి, లేదా ఆ పొడిని పట్టే ఫిల్టర్ పెట్టించాలి. అప్పుడు 400 కాస్తా పెరుగుతుంది, లెక్క మళ్లీ వేసుకోవాలి.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఆ గుండీయే. పాత పంపును 3 నుంచి 1కి తిప్పితే, చాలా మోడళ్లలో వాడకం దాదాపు సగానికి దిగుతుంది. పైసా ఖర్చు లేదు. 45 వాట్లకు దిగిందనుకుంటే ఏటా 225 యూనిట్లు. కొత్త పంపు వల్ల ఇక మిగిలేది 61 యూరోలు, పెట్టుబడి తిరిగి రావడానికి ఆరేళ్లు దాటుతుంది. చిట్టచివరి గది రేడియేటర్ కూడా 1 మీదే బాగా వేడెక్కుతుంటే, నేనైతే తొందరపడను, బాయిలర్ పనికి మెకానిక్ వచ్చినప్పుడే మార్పిస్తాను. రెండు మూడేళ్లలో బాయిలర్ తీసేసి హీట్ పంప్ పెట్టే ఆలోచన ఉన్నవాళ్లకు ఇప్పుడు విడిగా పంపు కొనడం అనవసరం. గోడకు తగిలించే గ్యాస్ బాయిలర్లలో పంపు లోపలే ఉంటుంది, దాన్ని మార్చడం ఖరీదు. ఇక అద్దెకున్నవాళ్లు, మనవాళ్లలో ఎక్కువమంది వాళ్లే, పంపును ముట్టుకోలేరు. కానీ అది తాగే కరెంటు హీటింగ్ ఖర్చుల్లో కలిసి వాళ్ల మీదే పడుతుంది. పంపు కొనాల్సింది ఇంటి యజమాని, కరెంటు కట్టేది అద్దెదారు. ఏడాది చివర వచ్చే ఖర్చుల పట్టికలో ఆ కరెంటు ఎంతో చూసి, పంపు ఏ కాలం నాటిదని యజమానికి ఒక ఉత్తరం రాయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.