ఉన్నవారికి కట్టే పటం

“ఉన్నవారేనాండీ?”

రాజమండ్రి మెయిన్ రోడ్డు మీంచి కోటగుమ్మం దగ్గర్లోని సందులోకి తిరిగితే ఓ పాత ఫోటో ఫ్రేముల దుకాణం ఉంది. అక్కడ గడప దాటగానే వినపడే మొదటి మాట ఇది. సైజెంత, రంగేది, ఎప్పటికి కావాలి, ఇవన్నీ ఆ తర్వాతే. నాన్న షష్టిపూర్తికని చెప్పాను. “ఆయ్, సంతోషమండీ” అంటూ యజమాని చేతిలో ఉన్న నల్ల బద్దని పక్కన పెట్టేసి, టేకు రంగు బద్దలున్న మూలకి తీసుకెళ్లారు.

ఆ ప్రశ్న వెనక అనుభవం ఉంది. దుకాణానికొచ్చే పనిలో పెద్దకర్మల పటాలే ఎక్కువట. పొద్దున పాస్‌పోర్టు ఫోటో ఒకటి తెస్తారు, మర్నాటికల్లా పెద్దదై, బొట్టు పెట్టించుకుని సిద్ధంగా ఉండాలి. మన ఇళ్లలో ఒక్క మనిషి మొహం పెద్దగా గోడెక్కిందంటే చూసేవాడి కళ్లు దండ కోసం వెతుకుతాయి. అందుకే బతికున్నవాళ్ల వేడుకకి చేసేటప్పుడు మధ్యలో ఒంటి మొహం పెట్టనంటారాయన. దంపతులో, పిల్లలతోనో, కనీసం ఓ సైకిలుతోనో ఉండాలి. ఫంక్షన్ హాల్లో అలంకరణ కుర్రాళ్లు అలవాటు కొద్దీ దానికీ దండ వేసెయ్యకుండా ఒకరిని కాపలా పెట్టుకోమని కూడా చెప్పారు. నవ్వాను గానీ, ఆయన నవ్వలేదు.

తెలుగు సంవత్సరాలు అరవై కాబట్టి పుట్టిన ఏడు పేరే మళ్లీ తిరిగొస్తుంది. 1965లో మొదలైన విశ్వావసులో పుట్టిన నాన్నకి 2025 ఉగాదితో మళ్లీ అదే విశ్వావసు వచ్చింది. అరవై ఏళ్లకి అరవై ఫోటోలు పెడదామని తమ్ముడి ముచ్చట. యజమాని ఒప్పుకోలేదు. భోజనాలకి వెళ్తూ నిలబడి చూసే జనానికి మొహం కనీసం రూపాయి బిళ్లంతయినా కనపడాలి, అన్ని ఇరికిస్తే ఓటర్ల జాబితా అవుతుందన్నారు. నాకూ అదే సబబనిపించింది. పైగా మా దగ్గర అన్ని లేవు కూడా. మాది కోనసీమ. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకెక్కిన వరదలో ట్రంకు పెట్టెతో సహా ఆల్బం పోయింది. అంతకు ముందువి నాన్నవి మిగిలినవి రెండే: పదో తరగతి గ్రూపు ఫోటో, తాతయ్య పక్కన గట్టు మీద నిలబడ్డదొకటి.

ఆ గట్టు ఫోటో పాత ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయి ఉంది. నేను చాకు అడగబోతే ఆయన ఫ్రేము లాక్కున్నంత పని చేశారు. ఫోటో కాగితం మీద ఉండేది జెలటిన్ పొర. మన గోదావరి చెమ్మకి అది మెత్తబడి అద్దాన్ని పట్టేసుకుంటుంది. పీకితే బొమ్మ అద్దం మీద, కాగితం చేతిలో మిగులుతాయి. అలాగే ఉంచి, నల్ల గుడ్డ అడ్డం పెట్టి మెరుపు పడకుండా అద్దంలోంచే కెమెరాతో తీశారు. బాగానే వచ్చింది. కొత్తగా కట్టేటప్పుడు ఫోటోకీ అద్దానికీ మధ్య మందపాటి అట్ట మౌంటు వేస్తే ఈ బాధ ఉండదట. అయినా ఖర్చు తగ్గించమని చాలామంది మొదట తీసేయించేది ఆ మౌంటునే.

గ్రూపు ఫోటోలో నాన్న మొహం శనగ గింజంత. కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు స్కాన్ చేసి, ఏదో ఏఐ యాప్‌లో వేసి క్షణంలో నున్నటి బుగ్గల పిల్లాణ్ణి చూపించాడు. అక్కడి నుంచే ఫోటో అత్తకి పంపాను. “ఎవర్రా ఈ పిల్లాడు?” అంది. ఆ యంత్రం లేని కళ్లని ఊహించి గీస్తుంది, పోలిక మాత్రం దానికి తెలియదు. మసకగా ఉన్నా అసలు మొహమే ఉంచమన్నాను. మొహమొక్కటే కత్తిరించకుండా మొత్తం వరసని పెట్టించి, నాన్న చుట్టూ సన్నటి గీత గీయించాను.

విచిత్రమేమిటంటే ఆ నలుపు తెలుపు ఫోటో చెక్కు చెదరలేదు, ఎనభైల చివర్లో తీసిన పెళ్లి కలర్ ఫోటోలు మాత్రం ఎర్రబడిపోయాయి. నలుపు తెలుపు బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. కలర్ బొమ్మలో ఉండేవి అద్దకపు రంగులు. నాటి కాగితాల్లో వాటిలో నీలి పొర ముందు వెలిసిపోతుంటే ఎరుపు పైకి తేలుతుంది. కుర్రాడు ఆ నీలాన్ని కొంత వెనక్కి తెచ్చాడు. అమ్మ చీర ఆకుపచ్చని నాకు అప్పుడే తెలిసింది.

కొత్త ఫోటోలతో వచ్చిన చిక్కు వేరు. బంధువులంతా వాట్సాప్‌లో పంపారు. మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600 చుక్కలకి కుదించేస్తుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చేస్తే అయిదంగుళాల పైన కొంచెం. పన్నెండు పద్దెనిమిది సైజుకి ఎక్కడ చాలుతుంది? డాక్యుమెంటుగా పంపించమని మళ్లీ అందరికీ ఫోన్లు. ఫ్లెక్సీ వేయిస్తే చవకే, కానీ వేడుకైన మర్నాడు అది ఎవరింటి రేకుల షెడ్డు మీద కప్పుతారో చెప్పలేం.

మాటల మధ్యలోనే ఆయన అద్దం కోశారు. డైమండు కట్టర్ని కిరసనాయిల్లో ముంచి, స్కేలు వెంట ఒకే ఒక్క గీత. రెండోసారి గీస్తే పళ్లు లేస్తాయట. బల్ల అంచుకి ఆనించి నొక్కితే టక్కున విరిగింది. బద్దలు నలభై అయిదు డిగ్రీల కోణంలో కోసి, మూలలు జిగురు పెట్టి బిగించి, వేలితో తడిమి చూసి ఒకదాన్ని పక్కన పడేశారు. నాకేమీ తేడా కనపడలేదు.

తాతయ్య నాయనమ్మల సంగతొచ్చింది. ఇంట్లో దండలతో ఉన్న వాళ్ల పటాల్ని ఫోటో తీసి కలపొద్దని ఖరాఖండిగా చెప్పారు. ఆ గట్టు మీది ఫోటోలో తాతయ్య ఎలాగూ ఉన్నారు, నాన్న చెయ్యి పట్టుకుని. నాయనమ్మది మాత్రం దొరకాలి.

బయానా ఇచ్చి లేస్తుంటే గ్రూపు ఫోటో వెనక్కి తిప్పి చూపించారు. ఖాళీ. ఫోటోల వెనక పేర్లు పెన్సిల్‌తో రాయమన్నారు, బాల్‌పెన్ నొక్కితే ముందు వైపు గుంటలు తేలతాయట. ఆ వరసలో నిలబడ్డవాళ్లలో మాకు తెలిసినవాళ్లు ముగ్గురే. మిగతా పేర్లకి అత్తనే అడగాలి, నాయనమ్మ ఫోటోకీ ఆవిడే దిక్కు. సందు దాటకముందే అమలాపురం ఫోను కలిపాను.