అద్దాన్ని మోసే సాలీడు

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు యంత్ర పరికరాల ఫ్యాక్టరీలకు పెట్టింది పేరు. ఇప్పుడవి చాలావరకు మూతపడ్డాయి. ఊరి పక్క కొండమీది గులాబీరంగు ఇంటికి మాత్రం ఏటా వేసవిలో జనం వెతుక్కుంటూ వస్తారు. దాని పేరు స్టెల్లాఫేన్, అంటే నక్షత్రాల గుడి.

1920లో రసెల్ పోర్టర్ అనే ఫ్యాక్టరీ ఉద్యోగి, పదిహేనుమంది మగవాళ్లకీ ఒక మహిళకీ టెలిస్కోపు తయారీ నేర్పించాడు. గాజుబిళ్లను చేత్తో అరగదీసి అద్దం చేయడమే మొదటి పాఠం. 1923లో వాళ్లే సంఘం పెట్టుకుని ఈ ఇల్లు కట్టుకున్నారు. 1926 నుంచి ఇక్కడ ఇంట్లో చేసిన టెలిస్కోపుల జాతర మొదలైంది.

జాతరకెళ్తే గొట్టాల మూతిలోకి తొంగిచూడండి. అసలు తెలివంతా అక్కడుంటుంది. అడుగునున్న పెద్ద అద్దం వెలుగును పైకి తిప్పి పంపిస్తుంది. పైన ఏటవాలుగా ఉన్న చిన్న అద్దం దాన్ని పక్కకి, మన కంటికి మళ్లిస్తుంది. మరి ఆ చిన్న అద్దం గాల్లో ఎలా నిలబడుతుంది? దేనితో నిలబెట్టినా అది వెలుగుకి అడ్డమే!

అందుకే సన్నటి రేకుల్ని అంచు పైకి వచ్చేలా నిలువుగా బిగిస్తారు. ఆ అమరికకు స్పైడర్ అని పేరు, అంటే సాలీడు. ఆరంగుళాల టెలిస్కోపులో అంగుళంన్నర అద్దమే వెలుగులో ఆరు శాతానికి పైగా మింగేస్తుంది. కాళ్లు కూడా లావైతే ఎలా? పోనీ బాగా పలచగా చేద్దామంటే గొట్టం తిప్పినప్పుడల్లా అద్దం ఊగుతుంది, గురి తప్పుతుంది. ఈ తిప్పలకు విరుగుడు మన నవారు మంచంలో ఉన్నదే... లాగి బిగించడం. బయటి స్క్రూలతో రేకుల్ని గుంజితే పలచటి రేకూ కదలదు. కొందరు ఇందుకు హాక్సా బ్లేడ్లే వాడేస్తారు. అద్దాన్ని మాత్రం గట్టిగా పట్టకూడదు. నొక్కుకుపోతే దాని ఆకారం చెడి, చుక్క వంకరగా కనిపిస్తుంది. సిలికాన్ జిగురు మూడు చుక్కలు చాలు.

జాన్ డాబ్సన్ ఇంకా తేలిగ్గా చేశాడు. అమెరికాలోని వేదాంత మఠంలో సన్యాసిగా ఉంటూ పాత సామానుతో టెలిస్కోపులు చేసిన మనిషాయన. గుండ్రటి కర్రముక్కకి దేవదారు చెక్కపలకలు గుచ్చి సాలీడు చేసేవాడు. అంతే!

కాళ్లెంత సన్నగా ఉన్నా వెలుగు వాటి అంచుల దగ్గర చెదురుతుంది. నాలుగు కాళ్లయితే ప్రకాశవంతమైన చుక్కకి నాలుగు కిరణాలు మొలుస్తాయి, మూడైతే ఆరు. హబుల్ ఫొటోల్లో చుక్కల మీది శిలువ గుర్తు ఇదే. కాళ్లను వంపు తిప్పి ఆ కిరణాల్ని కనిపించకుండా చేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ నాలుగు కిరణాలుంటేనే చుక్కకి అందం!

పగలు పనితనానికి మార్కులేస్తారు. చీకటి పడ్డాక అద్దాల పరీక్ష. అప్పుడు కొండమీద తెల్లలైటు వెలిగించకూడదు. ఎర్రటి టార్చి గుడ్డివెలుగులోనే, ఎవరి సాలీడు స్క్రూలు వాళ్లు మరో పావు చుట్టు బిగించుకోవాలి.