కోస్గి... ఇల్లడిగే ఊరు!

ముంబయిలో అంతస్తు మీద అంతస్తు లేపుతారు. పుణెలో స్లాబులు పోస్తారు. హైదరాబాద్‌లో పెద్దపెద్ద అపార్ట్‌మెంట్ల గోడలు నున్నగా పూస్తారు. సొంతూరికి వచ్చాక మాత్రం ‘మాకు ఇల్లెప్పుడొస్తది?’ అని అడుగుతారు. నారాయణపేట జిల్లా కోస్గిలో ఏ ఎన్నికలొచ్చినా ముందు వినిపించే మాట ఇదే. సర్పంచి ఎన్నికైనా, వార్డు ఎన్నికైనా, అసెంబ్లీ ఎన్నికైనా సరే... ఇల్లు, ఆ ఇంటికి దారి, ఆ దారి పక్కన మోరీ!

హైదరాబాద్ నుంచి కోస్గి వెళ్లాలంటే చేవెళ్ల, పరిగి మీదుగా బీజాపూర్ రహదారి పట్టుకోవాలి. అప్పా కూడలి దాటాక అటూ ఇటూ మర్రిచెట్లు గొడుగు పడతాయి. దాదాపు 900 చెట్లు. వాటిని కొట్టకుండా రోడ్డు వెడల్పు చేయడం ఎలా అన్న వివాదం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. మన్నెగూడ వరకూ 46 కిలోమీటర్ల విస్తరణ ఏళ్ల తరబడి ఆగిపోయింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ తాండూరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు నుంచీ ఈ దారి వెంట ప్రయాణించే ప్రతి ఊరికీ రోడ్డు సొంతింటి సమస్యే అయింది. అయినా ఆ రోడ్డు సంగతి తేల్చేది కోస్గి వార్డు మెంబరు కాదు. ఈ ఊరి ఎన్నికల్లో ఉన్న తిరకాసంతా అదే. అడిగేది ఒకరిని, ఇవ్వాల్సింది ఇంకొకరు.

కోస్గి పెద్ద నగరమేమీ కాదు. అలాగని పల్లె కూడా కాదు. ఆర్టీసీ డిపో ఉంది, మండల ఆఫీసులున్నాయి, చుట్టుపక్కల ఊళ్లన్నీ బేరసారాలకు ఇక్కడికే వస్తాయి. పాత గల్లీల్లోకి వెళితే ఇంటి చరిత్రంతా గోడల మీదే కనిపిస్తుంది. రాతిగోడలు, కర్ర దూలాలు, పైన మట్టి కప్పిన మిద్దెలు. వానాకాలానికి ముందు మిద్దెపైన మళ్లీ మట్టి పరవాలి, లేకపోతే ఇల్లంతా కురుస్తుంది. వాటి పక్కనే రేకుల షెడ్లు. ఆ పక్కన కొత్త స్లాబు ఇళ్లు, లోపల తాండూరు బండలు. ఏ ఇంట్లో ఎవరు ముంబయి వెళ్లొచ్చారో అడగక్కర్లేదు, పైకి లేచిన ఇనుప చువ్వలే చెబుతాయి. ‘ఇంకో అంతస్తు వేస్తాం’ అన్న ఆశను చువ్వల రూపంలో వదిలేయడం మనవాళ్లందరికీ అలవాటే కదా!

ఊరి చిరునామా కూడా స్థిమితంగా లేదు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు నియోజకవర్గ కేంద్రం కొడంగల్ వికారాబాద్‌ జిల్లాకు వెళ్లింది, కోస్గి మహబూబ్‌నగర్‌లోనే ఉండిపోయింది. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా ఏర్పడితే అందులో చేరింది. ఎమ్మెల్యే కొడంగల్‌కు, కలెక్టరు నారాయణపేటలో. అర్జీ పట్టుకుని ఏ బస్సెక్కాలో ముందు తేల్చుకోవాలి.

పంచాయతీ పోయి పురపాలక సంఘమొచ్చె...

2018 ఆగస్టులో కోస్గి మున్సిపాలిటీ అయింది. 16 వార్డులకు 2020 జనవరి 22న తొలి ఎన్నికలు జరిగాయి. పట్నం హోదా అంటే ఎవరికి చేదు? కానీ దాంతోపాటు ఒకటి పోయింది... ఉపాధి హామీ పని. అది పల్లెలకే. పేరు మారిన రోజున పొలాలు, కూలీలు, కరవు మారలేదు, జాబ్‌కార్డు మాత్రం చెల్లలేదు. బదులుగా వచ్చినవీ ఉన్నాయి. మిషన్ భగీరథ లెక్క ప్రకారం పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్ల నీళ్లు, మున్సిపాలిటీలో 135. 2019 మున్సిపల్ చట్టం 75 చదరపు గజాల్లోపు స్థలంలో ఇల్లు కట్టుకునే పేదవాడికి అనుమతి బెడద తీసేసింది. రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు.

అదే చట్టంలో ఇంకో విశేషం ఉంది. వార్డులో నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే కౌన్సిలర్ పదవికే ఎసరు! మోరీ పొంగితే మాత్రం పదవికి ఢోకా లేదు. చెట్టుకున్న పట్టింపు కాస్త మురుగుకాల్వకూ ఉంటే వార్డు ఎన్నికల ప్రచారం వేరేలా నడిచేది.

కౌన్సిలర్ చేతిలో నిజంగా ఉండేవి మోరీ, వీధిదీపం, చెత్త బండి, సీసీ రోడ్డు. ఇంటి మంజూరు పైనుంచి రావాలి. అయినా వార్డులో ఓటు అడిగేవాళ్లు ఇంటి మాటే ముందు ఎత్తుతారు. ఎందుకంటే గుమ్మంలో నిలబడ్డ మనిషికి అదే పెద్ద కష్టం. ఆ పాలకవర్గం గడువు 2025 జనవరిలో ముగిసింది. మోరీల సంగతి అడగడానికి తెలిసిన ముఖం లేక జనం ప్రత్యేకాధికారి ఆఫీసు మెట్లెక్కాల్సి వచ్చింది.

ఇళ్ల కథ ఇంతకంటే పొడుగు. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరమ్మ ఇళ్లు మొదలయ్యాయి. చాలామందికి గూడు దొరికింది, మధ్యలో బిల్లులాగి మొండిగోడలతో మిగిలినవాళ్లూ ఉన్నారు. 2015 నుంచి డబుల్ బెడ్‌రూం ఇళ్లన్నారు. 560 చదరపు అడుగులు, పల్లెల్లో యూనిట్ ధర 5.04 లక్షలు. ఆ రేటుకు కట్టడానికి చాలాచోట్ల గుత్తేదారులు ముందుకు రాలేదు. 2023లో సొంత స్థలమున్నవాళ్లకు 3 లక్షల గృహలక్ష్మి ప్రకటించారు, ప్రభుత్వం మారాక 2024లో ఆ మంజూరు కాగితాలు చెల్లకుండా పోయాయి. ఒక్క ఇంటికి మూడు పథకాల దరఖాస్తులు దాచుకున్న కుటుంబానికి నాలుగోసారి ఫారం నింపమంటే ఎలా ఉంటుందో ఊహించండి.

ఆ నాలుగోది 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన కొత్త ఇందిరమ్మ పథకం. 2025 జనవరి 26న దాని అమలును, మరో మూడు పథకాలతోపాటు, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రారంభించింది కోస్గి మండలంలోని చంద్రవంచలోనే. 2009లో, 2014లో ఇక్కడ గెలిచి, 2018లో పట్నం నరేందర్‌రెడ్డి చేతిలో ఓడి, 2023లో మళ్లీ గెలిచి ముఖ్యమంత్రి అయిన నియోజకవర్గమిది. సీఎం సొంత సీటంటే అడిగేవాళ్లకు ధైర్యం ఎక్కువ. ‘మనకు రాకపోతే ఇంకెవరికొస్తది?’ అన్న ధీమా.

పథకం మంచిదే. ఇంటికి 5 లక్షలు, ఆడవాళ్ల పేరిట. బేస్‌మెంట్‌కు లక్ష, ఆపైన గోడలకు, స్లాబుకు దశలవారీగా, పూర్తయ్యాక మిగిలినది. 600 చదరపు అడుగులు మించకూడదు. ఒక్కో దశ ఫొటో సెల్‌ఫోన్ యాప్‌లో ఎక్కాలి, అప్పుడే డబ్బు బ్యాంకులో పడుతుంది. దళారీ లేడు, సంతోషం.

కానీ మొదటి లక్ష రావాలంటే ముందు బేస్‌మెంట్ లేవాలి. పెట్టుబడి ఎక్కడిది? అప్పు. అప్పు తీరాలంటే కూలి. కూలి ముంబయిలో! నాగార్జునసాగర్, శ్రీశైలం ప్రాజెక్టుల నాటి నుంచీ పాలమూరు కూలీ బతుకిదే. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడు పని మధ్యలో వదిలి రాలేడు. ఊళ్లో ఉండి ఇల్లు కట్టుకుంటే కూలి పోతుంది, కూలికి వెళితే ఇల్లు ఆగుతుంది. వేరేవాళ్ల ఇంటికి పిల్లర్లు పోసే మనిషికి తన ఇంటి స్లాబు రోజున సెలవు దొరకడం గగనం. ఇంటి దగ్గర మిగిలేది ముసలి తల్లిదండ్రులు, బడి పిల్లలు. ఇసుక, సిమెంటు, సెంట్రింగ్ బేరాలు వాళ్లే ఆడాలి. 5 లక్షల లెక్కలో ఈ మనిషి ఖర్చు ఎక్కడా రాయలేదు.

ఓట్లప్పుడు మాత్రం అదే మనిషి కోసం వాహనాలు ముంబయి దాకా వెళతాయి. రానుపోను చార్జీలు అభ్యర్థివే. ఇంటి పని కోసం రాలేనివాడు ఓటు కోసం వస్తాడు. ఆ రెండు రోజుల్లోనే ఇంటి అర్జీ కూడా పెట్టి పోతాడు. 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు మూడు విడతలుగా జరిగినప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో సర్పంచి అభ్యర్థులు జేబులో పెట్టుకు తిరిగింది వలస ఓటర్ల ఫోన్ నంబర్లే.

అందుకే కోస్గిలో ఇంటి మాట నీళ్ల దగ్గరికి వెళ్లకుండా ఆగదు. కృష్ణా నీళ్లను ఈ మెట్ట భూములకు ఎత్తిపోయాలని 2014 మే నెలలో జీవో 69 వచ్చింది. పదేళ్లు ఆ నంబరు పట్టుకునే ఉద్యమాలు నడిచాయి. చివరికి 2024 ఫిబ్రవరి 21న నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతలకు కోస్గిలోనే శంకుస్థాపన జరిగింది. లక్ష ఎకరాల ఆయకట్టు, 2,945 కోట్ల రూపాయలు. అదే ఏడాది ఇక్కడి పాలిటెక్నిక్ ఇంజినీరింగ్ కాలేజీ అయింది. వికారాబాద్-కృష్ణా రైలుమార్గం మాత్రం తాతల కాలం నుంచీ సర్వేల్లోనే తిరుగుతోంది. రైలు రాకపోయినా ఊరు ఓర్చుకుంటుంది, అలవాటైపోయింది. నీళ్లకు ఆ ఓర్పు లేదు. కంది, జొన్న చేలకు రెండో పంట నీళ్లందితే కార్తీకంలో బస్సెక్కేవాళ్లలో కొందరైనా ఆగుతారు. ఆగినవాళ్ల ఇంటికి గోడలు లేస్తాయి.

ప్రస్తుతానికి చాలాచోట్ల బేస్‌మెంట్ దాకా వచ్చిన ఇళ్లున్నాయి. లోపల మొరం నింపి, నీళ్లు కొట్టి, చదును చేసి పెట్టారు. ముందు పాత రేకుల షెడ్డు, దాని తలుపుకు తాళం. పక్కింటివాళ్లను అడిగితే ముంబయి నంబరు ఇస్తారు.