ఏపీ 02 ఆఖరి ట్రిప్పు

మా మారుతి 800ని అమ్మేశాం. కొన్నవాళ్లది ధర్మవరం. హిందూపురం నుంచి నేనే నడుపుకుంటూ వెళ్లి అప్పగించి వచ్చా. సుమారు ఎనభై కిలోమీటర్లు. రెండు గంటలు కూడా పట్టని దారికి మాకు సగం రోజు పట్టింది. పక్క సీట్లో నాయన ఉన్నాడు మరి.

2004లో ఆ కారు కొన్నప్పుడు నాకు ఏడేళ్లు. తెల్ల రంగు, 796 సీసీ ఇంజిన్, నాలుగు గేర్లు, ఏసీ లేదు. నంబర్ ప్లేటు మీద ఏపీ 02, అంటే అనంతపురం జిల్లా. 2022లో మా హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారింది. ప్లేటు మాత్రం పాత అడ్రస్సే చెబుతోంది. పదిహేనేళ్లు నిండాక 2019లో ఒకసారి, మళ్లీ 2024లో ఒకసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాం. రెండోసారి పట్టుబట్టింది నేనే.

నాది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చూపు తగ్గడంతో నాయన ముందు రాత్రిపూట, తర్వాత పగలు కూడా నడపడం మానేశాడు. కారు వేపచెట్టు కింద ఉండిపోయింది. నెలకోసారి వచ్చి స్టార్ట్ చేస్తానని చెప్పా. మూడు నెలలకోసారి కూడా రాలేకపోయా. వచ్చినప్పుడల్లా బ్యాటరీ డౌన్.

"నిలబెట్టి పాడు చేసేదానికన్నా తిప్పుకునేవాళ్లకు ఇచ్చేది మేలు రా" అన్నాడు నాయన. నాకు జవాబు దొరకలేదు.

పొద్దున్నే బయల్దేరాం. సోమందేపల్లి దాటి 44వ నంబర్ హైవే ఎక్కాక స్పీడు ఎనభైకి వస్తే చాలు, స్టీరింగ్ వణకడం మొదలు. నాయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే, లేపాక్షి రోడ్డులో. నంది విగ్రహం దాకా వెళ్లి తిరిగొచ్చేలోపు బండి ఏడుసార్లు ఆపేశా. ఒక్కసారి కూడా తిట్టలేదు.

పెనుకొండలో ఆగి, అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం తిన్నాం. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగరం రాజులు హంపిని వదిలి రాజధానిని ఇక్కడికే మార్చారు. తర్వాత ఇక్కడి నుంచీ వెళ్లిపోయారు. గగన్ మహల్, కోట గోడలు మిగిలాయి. స్కూల్ టూర్లో వినని ఈ కథంతా నాకు నాయన ఈ కారులోనే చెప్పాడు. ఈసారి నేను అడిగా, ఆయన మళ్లీ చెప్పాడు.

ఊరు దాటాక ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం దానిది. మొదటి సెల్టోస్ బయటికొచ్చింది 2019 ఆగస్టులో. మా బండికి పదిహేనేళ్లు నిండిన ఏడాదే! 1983 డిసెంబర్లో మొదలైన మారుతి 800 తయారీ అప్పటికే 2014 జనవరిలో ఆగిపోయింది. కొత్త కార్ల పక్కనుంచి మా బండి దడదడమంటూ పోయింది. "పర్లేదు, పోనీ" అన్నాడు నాయన, నాతోనా బండితోనా అని అడగలేదు.

చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే దిగి ధర్మవరం చేరాం. కొన్నాయన పట్టుచీరలు నేసే కుటుంబం. వాళ్లకి ఇదే మొదటి కారు. ఆయన ఇంజిన్ కన్నా ముందు వెనక డోరు ఎత్తి చూశాడు. చీరల మూట పడుతుందా అని. సీటు మడిచి, దుప్పటి పరిచి, మూట పెట్టి చూసుకుని నవ్వాడు.

అప్పుడు నాయన మొదలుపెట్టాడు. "సెకండ్ గేర్ కొంచెం బెట్టు చేస్తాది. బలవంతం చేయొద్దప్పా, క్లచ్ వదిలి మళ్లీ తొక్కు. ఎడమ అద్దం గట్టిగా తిప్పొద్దు." ఆఫీసులో మేం దీన్నే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటాం. ఇంత శ్రద్ధగా చేసినవాళ్లని నేను చూడలేదు.

ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యాయి. మీరూ ఎప్పుడైనా పాత బండి అమ్మితే ఆర్సీ పేరు మారేదాకా వదలకండి. కొన్నవాళ్లు పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మార్పించుకోవాలి. ఫాస్టాగ్ ఉంటే మూసేయండి.

తిరుగు ప్రయాణం ధర్మవరం జంక్షన్ నుంచి రైల్లో. కిటికీ పక్కన కూర్చున్న నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెనుకొండ దాటాక అడిగాడు: "ఇంగ కారు స్టార్ట్ చేసే పని లేదు కదా. మళ్లా ఎప్పుడొస్తావ్?"

ఆ మాట గుచ్చుకుంది. కారు ఇంటి ముందుంటే నేనూ అక్కడున్నట్టే అని ఇన్నాళ్లూ నన్ను నేను నమ్మించుకున్నా. బ్యాటరీ డౌన్ అయిందని నాకు తెలిసేది. నాయనకి చూపు ఎంత తగ్గిందో మాత్రం ఈ రోజు ఫారం మీద సంతకం చేయాల్సిన గీత కోసం ఆయన వెతుక్కుంటుంటే తెలిసింది.

హిందూపురం వచ్చేలోపే ఫోన్ తీసి వచ్చే శనివారానికి టికెట్ బుక్ చేశా. కంటి డాక్టర్ దగ్గరికి ఇద్దరం ఆటోలో వెళ్తాం.