తఖ్తు ఎవరిది, తట్ట ఎవరిది?

"మీ తాతలు ఏలినోళ్లు గదా" అంటారు మాతో. కోపంతో అనేవాళ్లున్నారు, నవ్వుతూ అనేవాళ్లున్నారు. చదువుకున్న మిత్రులు అదే మాటను మర్యాదగా ఇంకో తీరుగా అంటారు. నల్లగొండ, పాలమూరు సాయిబుల ఇళ్లల్లోకి వచ్చి కూర్చున్నవాళ్లు మాత్రం అనరు. మా తాతలు దూది ఏకారు, పరుపులు కుట్టారు, జట్కా తోలారు, గుర్రాలకు నాడాలు కొట్టారు. కచేరీలో చప్రాసీ నౌకరీ దొరికినవాడే మా ఖాన్‌దాన్ మొత్తానికి పెద్దమనిషి. మా దాదీల సందూకుల్లో ఫర్మానాలు లేవు. పాత చీరల ముక్కలతో కుట్టిన బొంతలున్నాయి.

మరి ఏలింది ఎవరు? తఖ్తు మీద నిజాం ఉన్న మాట నిజమే. ఆయన పేరు మా పేర్ల లాంటిదే, అదీ నిజమే. కాని తఖ్తు కింద భూమి ఎవరి చేతుల్లో ఉంది? హైదరాబాద్ రాజ్యంలో నూటికి 10 పాళ్లు నిజాం సొంత సర్ఫేఖాస్, సుమారు 30 పాళ్లు జాగీర్లు, మిగిలింది దివానీ. జాగీర్లున్న నవాబులు హైదరాబాద్ దేవిడీల్లో ఉండేవాళ్లు. మా వాడకట్టు మొఖం వాళ్లు ఎన్నడూ చూడలేదు. పాలమూరులో గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలను ఏలింది హిందూ రాజాలే. నల్లగొండలో దేశ్‌ముఖులు. సూర్యాపేట జన్నారెడ్డి దొరలకు లక్షన్నర ఎకరాలు, విసునూరు దొరకు 60 ఊళ్లల్లో 40 వేల ఎకరాలు ఉండేవని తెలంగాణ పోరాట చరిత్రలు లెక్క చెబుతాయి. ఆ ఎకరాల్లో మా తాతలవి ఎన్ని?

భూమి ఇవ్వలేదు. దాని బదులు మాట ఇచ్చారు. 1927లో పుట్టిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌ను ఆ తర్వాత బహాదుర్ యార్ జంగ్ నడిపించారు. గొప్ప వక్త. రాజ్యాధికారం ఒక్క నిజాంది కాదు, ముస్లిం జమాత్ మొత్తానిది, నిజాం దానికి గుర్తు మాత్రమే అన్నది ఆ పార్టీ సిద్ధాంతం. దాన్ని రెండు ముక్కల్లో చెప్పారు: అనల్ మాలిక్. నేనే మాలిక్‌ని. జట్కా తోలేవాడూ మాలికే, చప్రాసీ మాలికే, పూట గడవని విధవరాలి కొడుకూ మాలికే. జీతం పెరగలేదు. బిరుదు పెరిగింది.

ఇది మా ఒక్కరి కథ కాదు. అమెరికాలో నల్లజాతి మేధావి డుబాయిస్ 1935లో బ్లాక్ రికన్‌స్ట్రక్షన్ అనే పుస్తకం రాశారు. బానిసత్వం పోయాక కూడా దక్షిణాది తెల్ల కూలీలు నల్ల కూలీలతో ఎందుకు కలవలేదని అడిగారు. తెల్ల కూలీకి కూలి తక్కువే, కాని తెల్లవాడిగా పుట్టినందుకు దొరికే మర్యాద ఒక రకం మానసిక వేతనంలా పనిచేసిందని జవాబు చెప్పారు. కడుపు నిండకపోయినా తన కింద ఇంకొకడున్నాడన్న తృప్తి. అది తెల్లవాళ్ల గురించి రాసిన మాట. చదివితే మాకు మా ముహల్లాలే కనబడతాయి.

ఆ వేతనానికి వడ్డీ ఎంతయిందో 1948లో తెలిసింది. ఖాసిం రజ్వీ రజాకార్లలో మా బీద పిల్లలు ఎందరో చేరారు. వాళ్లు చేసిన ఘోరాలను మేం దాచం, దాచనివ్వం. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగింది హత్యాకాండే. అయితే ఆ తుపాకులు ఎవరి గడీలకు కాపలా కాశాయో కూడా చెప్పాలి. దొరలకు కాశాయి. ఆ దొరకే ఎదురు తిరిగి కోర్టుకెక్కి గెలిచి, చివరకు దొర మనుషుల చేతుల్లో చచ్చిపోయిన బీద రైతు షేక్ బందగీ మావాడే. రజాకార్లను విమర్శించినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మావాడే. ఏలినవాళ్లను గుర్తుంచుకునే పుస్తకాలు వీళ్లనూ మావాళ్లుగానే గుర్తుంచుకుంటే బాగుండును.

పోలీసు చర్య తర్వాత నిజాం రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఉన్నాడు. 1949లో జాగీర్లు రద్దు చేసినా జాగీర్దార్లకు పరిహారం దొరికింది. చప్రాసీకి, జవానుకు ఏ పరిహారమూ లేదు. ఉర్దూ కచేరీ వదిలిపోయింది, దాంతో నౌకరీలూ పోయాయి. ఎక్కువగా మరాఠా, కన్నడ జిల్లాల్లో జరిగిన మారణకాండలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. మాలిక్ అన్న మాట నమ్మినందుకు శిక్ష నమ్మినవాడికే పడింది. వినని, నమ్మని బీదవాడికీ పడింది.

ఇప్పుడు ఆ బిరుదు చేతులు మారింది. మా పిల్లగాన్ని బడిలో తోటి పిల్లగాడు రజాకారన్నాడు. ఆ అన్నవాడి తండ్రి సెంట్రింగు పని చేస్తాడు. వాళ్ల తాత పాలమూరు లేబరులో తట్ట మోసినవాడు, దేశమంతా డ్యాములు కట్టినవాడు. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఇల్లు. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు నీళ్లు వాళ్ల ఎముకలనూ వంచాయి, మా ఎముకలనూ వంచాయి. ఆ ఇంటికి మంచినీళ్ల కన్నా ముందు ఒక మాట చేరింది: ఈ దేశం నీది, నువ్వే మాలిక్, నీ వాటా సాయిబు తింటున్నాడు. ఏటా సెప్టెంబర్ 17 వచ్చిందంటే ఆ మాట మైకుల్లో మోగుతుంది. ఆ పిల్లగాని మీద మాకు కోపం రాలేదు. మా తాతలకు పంచిన మిఠాయే వాళ్లింటికీ పంచారు.

వాటా లెక్క చూద్దాం. 2007లో చట్టం చేసి బీసీ-ఇ కింద 14 ముస్లిం సమూహాలకు 4 శాతం ఇచ్చారు. సయ్యదులకు, పఠాన్లకు, మొగలులకు అందులో చోటు లేదు. దూదేకులవాళ్లు అంతకు ముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. అంటే మతానికి కాదు, పనికీ బీదరికానికీ ఇచ్చింది. 2024 నాటి తెలంగాణ కులసర్వేలో ముస్లింలు 12.56 శాతం అని తేలింది. అందులో 10.08 శాతం బీసీలే. ఏలినవాళ్ల మనుమలు ఇంతమంది బీసీలెట్లా అయ్యారు? 2025లో బీసీలకు 42 శాతం బిల్లు వచ్చినప్పుడు, ఆ లెక్కలోంచి ముస్లింలను తీసెయ్యాలని బీజేపీ పట్టుబట్టింది. సర్కారీ నౌకరీలు ఏటేటా సన్నబడుతున్నాయి, ప్రైవేటు కొలువుల్లో ఎవరికీ రిజర్వేషన్ లేదు. దాని మీద లొల్లి లేదు. ఉన్న నాలుగు మెతుకుల మీద సెంట్రింగు మేస్త్రీనీ పంక్చర్ సాయిబునీ కొట్లాటకు దింపారు.

మా వైపూ ఈ మిఠాయి దుకాణం బందు కాలేదు. పంక్చర్లు వేసే పిల్లగానికి చార్మినార్ చూపించి, మనం కట్టింది, మనం ఏలింది అని చెప్పే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. చార్మినార్ రాళ్లు మోసిన కూలీల పేర్లు వాళ్లకు తెలియవు. ఆ కూలీల్లో మా తాతలున్నారో, మేస్త్రీ తాతలున్నారో ఎవరు చెప్పగలరు? ఇద్దరూ ఉండే ఉంటారు.

గౌరవం అక్కర్లేదని మేం అనడం లేదు. బీదవాడికి అన్నం ఎంత అవసరమో ఇజ్జత్ అంతే అవసరం. అయితే పక్కవాణ్ణి తక్కువ చేస్తే వచ్చేది ఇజ్జత్ కాదు. అది కూలి ఎగ్గొట్టేవాడు చేతిలో పెట్టే ఖాళీ చిట్టీ. నువ్వే మాలిక్ అని ఎవరొచ్చి చెప్పినా, మాకు చెప్పినా మేస్త్రీకి చెప్పినా, అడగాల్సిన ప్రశ్నలు చిన్నవి. ఎన్ని ఎకరాలు? ఏ సర్వే నంబరు? రోజు కూలి ఎంత? వీటిని ఇద్దరం పక్కపక్కన నిలబడి అడగాలి. విడివిడిగా అడిగితే జవాబు చెప్పేవాడు మళ్లీ ఒకరి వాటా ఇంకొకరి దగ్గరుందని చూపిస్తాడు.